చవగ్గా పాడుకున్న ఇల్లు

"నా ఇంట్లోంచి బయటికి నడు" అన్నాడు లైల్ స్టాకర్డ్.

ఒపల్ కదల్లేదు. హాలు మధ్యలో నిలబడి, మెడ వెనక్కి వంచి, మచ్చలేని తెల్లటి సీలింగు చూస్తోంది.

"'ఎవరైనా వచ్చి ఇల్లు చూసుకోవచ్చు' అని గడ్డిలో అంత బోర్డు పాతావు. చూడ్డానికే వచ్చా" అంది.

"కొనేవాళ్లు చూడ్డానికి పెట్టాను. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి ఏడవడానికి కాదు మామ్మగారూ."

బిస్కెట్ నములుతున్న రూబెన్ వెనక నుంచి అందుకున్నాడు. అతనిది ఎదురిల్లు. "ముంగిట్లో బోర్డులు పెట్టకూడదని రూలు తెచ్చింది నువ్వే కదా లైల్?"

"రూళ్లు మీకు."

నిజమే. హ్యూస్టన్ శివార్లలో ఉన్న ఆ కాలనీలో ఇళ్ల యజమానుల సంఘానికి ప్రెసిడెంటు లైల్. అతను ఆడింది ఆట, పాడింది పాట. వడగళ్లకి దెబ్బతిన్న ఒపల్ ఇంటికప్పు కాలనీ అందం చెడగొడుతోందని జరిమానా వేసింది అతనే. జరిమానా మీద జరిమానా పేర్చి, కట్టలేదని కోర్టు మెట్ల మీద ఆ ఇంటిని వేలం వేయించిందీ అతనే. పోటీకి ఇంకెవరూ లేని ఆ వేలంలో పాత కారు ధరకి ఇల్లు పాడుకున్నది అతని బావమరిది డెన్నీ. పేరు డెన్నీది, డబ్బు లైల్‌ది. ఊరందరికీ తెలిసిన రహస్యం. ఇలా ఇళ్లు లాక్కోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది, మనిషికే కాస్త సిగ్గనేది ఉండాలి. లైల్‌కి ఆ ఇబ్బంది లేదు.

ఓవెన్లో బిస్కెట్లు కాలుతున్నాయి. ఆ కమ్మటి వాసనకి కొనేవాళ్ల మనసు కరుగుతుందని అక్కడ ఇల్లు అమ్మేవాళ్లందరూ చేసే పనే. కానీ కొనేవాళ్లు ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్లంతా చుట్టుపక్కల వాళ్లే. తలా రెండు బిస్కెట్లు పట్టుకుని గోడలకి ఆనుకుని, తాపీగా నములుతున్నారు. లైల్‌కి ఒళ్లు మండిపోతోంది.

"డెన్నీ కనపడ్డేం?" అడిగాడు రూబెన్.

"ఐసు పట్రమ్మంటే పొద్దుట్నుంచీ ఫోనెత్తడు. ఎక్కడో తాగి పడుంటాడు దరిద్రుడు."

ఒపల్ అతని వైపు తిరిగింది. "కప్పు మొత్తం కొత్తదా, అతుకులేశావా?"

"మొత్తం కొత్తదే. నీ జన్మలో వేయించగలిగేదానివా?"

"లేదు నాయనా. వంటింట్లో గోడలోంచి నీళ్లు ఊరేవి?"

"గోడ పగలగొట్టించి గొట్టాలన్నీ మార్పించాను. గ్రానైటు కొత్తది, పొయ్యి కొత్తది. ఈ కొంపని పాడుకున్న దానికి మూడింతలు పోశాను, నా జేబులోంచి."

"మేడ మీద గదిలో కిటికీ సరిగ్గా పడేది కాదు."

"అదీ మార్పించాను. ఇంకేమైనా వివరాలు కావాలా తమరికి?"

"చాలు. చేతికి ఎముక లేని మనిషివి" అంది ఒపల్, మనస్ఫూర్తిగా.

గోడవార ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో లైల్‌కి తిక్క రేగింది. "వచ్చే వారం ఇది అమ్మేస్తున్నాను. ఆ లోపల నువ్వు మళ్లీ ఈ గడప తొక్కితే బాగుండదు. అసలు ఇప్పుడే నీ సంగతి చూస్తాను" అంటూ ఫోన్ తీశాడు.

కానిస్టేబుల్ పక్క వీధిలోనే ఉన్నట్టున్నాడు, వెంటనే వచ్చాడు.

"పరాయి మనిషి ఇంట్లో దూరింది. పొమ్మన్నా పోవడం లేదు. ఈడ్చి బయటపడెయ్యండి" అన్నాడు లైల్.

ఒపల్ చేతిసంచీ తెరిచి ఒక కాగితం అందించింది. కానిస్టేబుల్ అది నిదానంగా చదివాడు.

"ఇల్లు ఎవరి పేరు మీదుంది సార్?"

"మా బావమరిది డెన్నీ పేరు మీద."

"నిన్నటిదాకా ఉంది. వేలంలో పోయిన ఇంటిని ఆర్నెల్లలోపు, పాడుకున్న ధరా ఖర్చులూ కట్టేసి పాత యజమాని వెనక్కి తీసుకోవచ్చు. ఈవిడ ఇవాళ పొద్దున కట్టేసింది. డెన్నీ సంతకం పెట్టేశాడు."

చట్టం సంగతి లైల్‌కి తెలియక కాదు. ఈ ముసలిదాని దగ్గర చిల్లిగవ్వ లేదన్న ధీమాతో గడువు తీరకముందే బోర్డు పాతాడు.

"దీని దగ్గర అంత డబ్బెక్కడిది?"

"మాది" అన్నాడు రూబెన్, మీసానికి అంటిన పొడి దులుపుకుంటూ. "నీ జరిమానా పడని గడప ఈ వీధిలో లేదు కదా. తలా కాస్తా వేసుకున్నాం. నువ్వు అంత చవగ్గా కొట్టెయ్యబట్టే మా వల్ల అయింది."

లైల్ చెయ్యెత్తి సీలింగు వైపు చూపించాడు. "మరి నా కప్పు? నా గ్రానైటు?"

"పాడుకున్నవాడు అవేవీ అడగలేదు సార్. మీరూ ఆయనా తేల్చుకోండి" అన్నాడు కానిస్టేబుల్.

"వాడికి ముట్టిన డబ్బు నాది."

"వాడలా అనుకోవడం లేదు. చెక్కు తీసుకుని, పడవ కొనుక్కుంటానని సరాసరి సముద్రం వైపు పోయాడు" అన్నాడు రూబెన్.

ఒపల్ తలుపు బార్లా తీసి పట్టుకుంది. ఓవెన్లోంచి బిస్కెట్లు మాడుతున్న వాసన వస్తున్నా లైల్ అటు చూడలేదు. తలొంచుకుని గడప దాటాడు.

"లైల్" అని వెనక్కి పిలిచింది ఒపల్. "పోతూ పోతూ గడ్డిలో ఆ బోర్డు పీక్కుని పో. ప్రెసిడెంటు చూస్తే జరిమానా వేస్తాడు."