పావురం మూతపడిన మధ్యాహ్నం

"నేను రాయలేదురా. ఒట్టు, ఒక్క ముక్క కూడా నాది కాదు."

ఆసుపత్రిలో తను పనిచేసే ఎక్స్‌రే గదిలో కంప్యూటర్ ముందు నిలబడి అక్క ఆ మాటే పదేపదే అంటోంది.

తెర మీద ఆమె బ్లాగు. అందులో ఆమె పేరుతో, అచ్చం ఆమె మాటతీరులో ఎవరో రాసిన పోస్టు. 'ఉన్నదంతా ఈ కంపెనీ షేర్లలో పెట్టేయండి. ఇవాళే. రేపటికి ఆలస్యమైపోతుంది.'

కింద మందుల కౌంటర్లో పనిచేసే తమ్ముడు భోజనం మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చాడు.

"తీసెయ్యొచ్చుగా అక్కా."

"తీశాను. తీసినకొద్దీ మళ్ళీ వస్తోంది."

తీరిక దొరికినప్పుడు ఆమె బ్లాగులో రాసుకునేవన్నీ చిన్న సంగతులే. ఏ వెబ్‌సైట్ ఏ పని ఉచితంగా చేసిపెడుతుంది, ఫోన్లో ఫోటోల బరువు ఎలా తగ్గించాలి, జీతంలో మిగిలిన కాస్తా ఏ షేర్లో పెట్టి తను చేతులు కాల్చుకుంది. నష్టాన్ని కూడా దాచకుండా చెబుతుంది కాబట్టి జనం నమ్మారు. ఎక్స్‌రే అక్క అని పేరు పెట్టుకున్నారు.

ఆ రాతల్ని జనానికి చేర్చేది పావురం. ఎవరు తయారు చేశారో తెలియని ఉచిత సర్వీసు. ఒకసారి రాస్తే చాలు, బ్లాగులోనూ పెడుతుంది, పాఠకుల ఫోన్లకూ చేరవేస్తుంది. 'మీ ఖాతాలోకి నేను కూడా రాలేను. పాస్‌వర్డ్ అనే తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది, దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు' అని దాని మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ మాట నచ్చి, అక్క పోయిన నెల పావురాన్ని ఆకాశానికెత్తేస్తూ ఒక పోస్టు రాసింది. అందులో తన పావురం పేజీని ఫోటో తీసి పెట్టింది.

ఇప్పుడా పావురమే అబద్ధాన్ని ఇంటింటికీ మోస్తోంది.

"ముందు పిన్నికి ఫోన్ కలుపు."

"బిజీగా ఉందక్కా."

కంటి ఆపరేషన్ కోసం పిన్ని పైసా పైసా కూడబెట్టుకుంది. అక్క రాసిందంటే ఇక వెనకాముందూ చూడదు. ఫోన్ బిజీగా ఉందంటే బ్రోకర్‌తో మాట్లాడుతోందన్నమాటే.

"ఎవడి పని అయ్యుంటుందక్కా?"

"ఇంకెవడు, ఆ కొక్కెం గాడే."

కొక్కెం ఒక పాఠకుడి మారుపేరు. ప్రతి పోస్టు కిందా ఏదో ఒక తప్పు పట్టుకుని వేలాడేవాడు. పోయిన నెల మరీ వెంటపడ్డాడు. 'ఆ ఫోటో తీసేయండి. కారణం ఇక్కడ చెప్పలేను. మీ మెయిల్ ఇస్తే రాస్తాను.' రోజూ అదే పాట. మెయిల్ కోసం వేషాలేస్తున్నాడని అక్క అతన్ని బ్లాక్ చేసి పారేసింది.

"ఆ కసి ఇలా తీర్చుకుంటున్నాడా? ఉండు, వాడి సంగతి చెప్తా."

తమ్ముడు పాఠకుల గ్రూపులో రాసేశాడు. దొంగ ఎవరో కాదు, కొక్కెం.

తిట్లు జడివానలా కురిశాయి.

ఆ తిట్లు ఇంకా వస్తుండగానే తమ్ముడి ఫోన్లో పావురం పంపిన పోస్టు చెరిగిపోయింది. పేజీ తెల్లకాగితంలా మిగిలింది.

"నువ్వేమైనా చేశావా అక్కా?"

"నేను ముట్టుకోలేదు."

పావురం మీద నడిచే ఇంకో పేజీ తెరిచారు. ఒక స్కూలుది. అదీ తెలుపే. ఓ లైబ్రరీది తెరిస్తే, అక్షరాలు వాళ్ళు చూస్తుండగానే ఆరిపోయాయి. ఒక ఊరంతా కరెంటు పోతూ ఉంటే కొండమీది నుంచి చూస్తున్నట్టుంది. ఏళ్ళ తరబడి ఎవరో ఇటుక ఇటుకా పేర్చి కట్టిన ఊరు.

చివరికి పావురం మొదటి పేజీలో నాలుగు వాక్యాలు మిగిలాయి.

'ఒకరి తాళం దొంగ చేతిలో పడింది. ఆ ఒక్క తలుపు మూసే వీలు నాకు లేదు, మీకిచ్చిన మాట అలాంటిది. అందుకే మొత్తం ఇల్లు కూల్చేస్తున్నాను. మళ్ళీ కట్టను.'

అక్క తన బ్లాగులోని దొంగ పోస్టును మరోసారి తీసేసింది. ఈసారి అది తిరిగి రాలేదు.

ఫోన్ మోగింది. పిన్ని.

"ఏమే, ఏం కంపెనీ అన్నావు? బ్రోకర్ అబ్బాయికి చదివి చెబుతుంటే మాయమైపోయింది. నా కళ్ళు ఇవాళే పోయాయేమోనని హడలి చచ్చాను."

"కొనకు పిన్నీ. ఏమీ కొనకు."

"అదేంటే, అబ్బాయి ఇంకా లైన్లోనే ఉన్నాడు."

"ఫోన్ పెట్టేయమను పిన్నీ, నీకు దణ్ణం పెడతా."

ఫోన్ పక్కన పెట్టి అక్క పోయిన నెల పోస్టు తెరిచింది. ఫోటోను పెద్దది చేసింది. ఎముకలో వెంట్రుకంత పగులున్నా పట్టేసే కళ్ళు అవి. ఫోటోలో కింద కుడి మూలన, అక్షరం పొల్లుపోకుండా, ఆమె పావురం తాళం.

కారణం ఇక్కడ చెప్పలేను. చెబితే అది లోకమంతా చదివేది.

బ్లాక్ చేసిన వ్యాఖ్యల్లోకి వెళ్ళింది. కొక్కెం పేరు పక్కనే అతని మెయిల్ చిరునామా ఉంది. ఆమె ఏనాడూ అటు చూడలేదు. తమ్ముడు వంగి దాన్ని చదివాడు. ఫోన్ తీసి, గ్రూపులో తను రాసింది చెరిపేశాడు.

ఆ చిరునామాకి అక్క ఉత్తరం రాసింది. పంపిన మరుక్షణం తిరిగొచ్చింది. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరట.

'కొక్కెం గాడు దొరికాడా అక్కా?' గ్రూపులో అడుగుతూనే ఉన్నారు.

గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఆమె ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుంది.

"దొంగ చేతికి తాళం ఇచ్చింది నేనే. నా ఫోటోలో నేనే పెట్టాను. నెల నుంచీ తీసేయమని మొత్తుకున్నది కొక్కెం ఒక్కడే, ఆయన్ని ఇంకేమీ అనకండి... ఆయన మెయిల్ చిరునామా పావురం సైటుదే, పావురాన్ని కట్టిన మనిషి ఆయనే."