కూరలో ఇసుక

తొలకరికి అడవిలో పుట్టగొడుగులు విచ్చుకున్నాయి. ఆడ ఏదుపంది పొద్దున్నే వెళ్లి, పురుగు పట్టనివి ఏరి తెచ్చింది. కాడల మట్టి గీకి, వాగులో కడిగి, కూర వండి, విస్తరాకులు కోసుకు రావడానికి వెళ్లింది.

బొరియ తవ్వి వచ్చిన మొగుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు.

“అంతా ఇసుకే! కడగడం కూడా రాదటే నీకు?”

మర్నాడు ఆమె ఇంకా బాగా కడిగింది. ఆ తర్వాత రోజు రుచంతా నీళ్లలో పోయేదాకా కడిగింది. అయినా అదే ఇసుక, అవే తిట్లు.

విసిగిపోయి, ఒకరోజు ఆకులకు వెళ్లకుండా పొయ్యి పక్కనే కూర్చుంది. మొగుడు వచ్చి, మూత తీసి, కమ్మటి వాసన పీల్చి, సంతోషంగా ఒళ్లు దులుపుకున్నాడు. ముళ్లలో ఇరుక్కున్న మట్టంతా జలజలా కూరలో రాలింది.

“అయ్యో నీ దులుపుడు తగలెయ్య! ముందు వాగుకు పోయి స్నానం చేసి రా!” అని అరిచి, ఆమె మళ్లీ వండింది.

అతను శుభ్రంగా వచ్చి, ఆకు నాకేసి, త్రేన్చాడు.

“చూశావా? నేను గట్టిగా చెబితే గానీ నీకు కడగడం రాలేదు.”

ఆమె ముళ్లన్నీ నిక్కబొడిచి, వెనక్కి తిరిగి, వెనకడుగులు వేస్తూ అతని మీదికి వెళ్లింది.