ఎవరి కుడి?

నాకు కల్పించి చెప్పడం చేతకాదు. కళ్ళారా చూసింది చూసినట్టు చెబుతాను. ఈ సంగతి జరిగినప్పుడు నేను ఆ పళ్ళ ఆస్పత్రిలోనే ఉన్నాను.

"నన్ను ఫెయిల్ చేశారు," అంది పళ్ళ డాక్టరమ్మ, మత్తు సూది వెలుగుకి ఎత్తి చూసుకుంటూ.

కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్న మాస్టారు లేవబోయాడు. లేవనిచ్చే రకం కుర్చీ కాదది.

"ఇప్పుడా మాట ఎందుకండీ?"

"మళ్ళీ మీరు ఇంత తీరిగ్గా దొరకరు కదా. నోరు తెరవండి."

మాస్టారు సాయంత్రం క్లాసుల్లో పెద్దవాళ్ళకి యూరప్ చిత్రాలు, శిల్పాలు, కట్టడాల చరిత్ర చెబుతాడు. మనవల్ని ఎత్తుకునే వయసులో పుస్తకాల సంచీ తగిలించుకుని వచ్చి, ముందు వరసలో కూర్చునే విద్యార్థిని ఈ డాక్టరమ్మ. పరీక్ష పాసైనవాళ్ళని ఆ పాత చర్చీలు చూపించడానికి తీసుకెళ్తున్నారు. పేర్లు ఇవ్వడానికి ఆ సాయంత్రమే గడువు.

సూది దిగింది. కాసేపు ఆగి అడిగింది.

"మొద్దుబారిందా?"

"ఊఁ."

"ఇది తెలుస్తోందా?" అంటూ లోపల ఏదో కదిలించింది.

"ఊహూఁ."

"దూది పెడుతున్నాను, కొరికిపట్టి ఉంచండి. ఇప్పుడు చెప్పండి, నా తప్పేమిటి?"

మాస్టారు దూది సందులోంచే పాఠం మొదలుపెట్టాడు. "చర్చి గుమ్మం పైనున్న శిల్పం గురించి అడిగాను. మధ్యలో తీర్పు చెప్పే దేవుడు. ఒక పక్క స్వర్గానికి పోయేవాళ్ళు, ఇంకో పక్క నరకానికి పోయేవాళ్ళు. మీరేమో కుడి పక్క స్వర్గం అని రాశారు. గుమ్మం ముందు నిలబడి చూస్తే అది ఎడమ. పుణ్యాత్ములందర్నీ తీసుకెళ్ళి నరకంలో తోశారు కదండీ!"

"మధ్యలో కూర్చున్నాయనకి అది కుడే కదా?"

"కూర్చున్నవాడితో మనకేం పని? చూసేవాళ్ళ కుడే కుడి. మొదటి రోజే చెప్పాను."

"మాకు కుర్చీలో ఉన్నవాళ్ళ కుడే కుడండీ. చేతికి పట్టేసిన అలవాటు."

"అలవాట్లకి మార్కులు వెయ్యరు."

ట్రేలో ఏవో గలగలమన్నాయి.

"సరే, మీరన్నట్టే మారిపోతాను. నర్సమ్మా, మాస్టారిది ఏ పన్ను?"

"కుడి పక్క, కింద, చివరిది మేడమ్."

డాక్టరమ్మ పటకారు అందుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. లైటు సూటిగా కళ్ళల్లో పడుతోంది. మాస్టారికి తళతళ తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ తళతళ ఆయన ఎడమ దవడ వైపు వస్తోంది.

"అటు కాదండీ! నా కు..." అని టక్కున ఆగిపోయాడు.

"ఆఁ, మీ కు...?"

మాస్టారు దూదిని ఇంకా గట్టిగా కొరికిపట్టాడు.

"చూసేదాన్ని నేను. నాకిదే కుడి. కూర్చున్నవాళ్ళతో మనకేం పని?"

"శిల్పం వేరు, దవడ వేరు!"

"ఏం, దానికి నొప్పెట్టదనా?"

నర్సు కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చేసింది.

మాస్టారి ప్రాణం ఇరకాటంలో పడింది. తన కుడి అన్నాడా, ఆవిడ పేపరు తిరగదిద్దాలి. అనలేదా, రాయిలాంటి పన్ను ఊడిపోతుంది. ఆయన నుదుటి మీద చెమట బొట్టు బొట్టుగా పట్టడం నేను చూశాను. చూశానంటే, తలుపు వేసే ఉందనుకోండి, నేను బయట బెంచీ మీద ఉన్నాను. ఆ మాటకొస్తే బెంచీ కూడా ఆస్పత్రిది కాదు, ఎదురుగా ఉన్న మంగలి షాపుది. అయినా అలాంటప్పుడు చెమట పట్టకుండా ఉంటుందా, మీరే చెప్పండి.

"నేను దయ చూపించమనడం లేదు మాస్టారూ. గుమ్మం దగ్గరైనా కుర్చీలోనైనా ఒకే మాట మీద ఉండమంటున్నాను. చెప్పండి, ఎవరి కుడి?"

మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చల్లగా ఏదో ఎడమ పెదవి అంచుకి తగిలింది.

"చూ... చూసేవాళ్ళదే," అన్నాడు మొండిగా.

"నర్సమ్మా, తల కదలకుండా పట్టుకో."

రెండు చేతులు వచ్చి చెంపల మీద బిగుసుకున్నాయి.

"కూర్చున్నవాడిది!" అని గావుకేక పెట్టాడు మాస్టారు. "కూర్చున్నవాడి కుడే కుడి! నాదీ అంతే, గుమ్మం మీదాయనదీ అంతే! మీరు రాసింది రైటే! పాస్! తల్లీ, మీరు పాస్!"

చెంపల మీది చేతులు వదిలాయి. చల్లదనం పెదవి మీంచి తప్పుకుంది. మాస్టారు ఇంకా కళ్ళు తెరవకుండానే రొప్పుతూ అన్నాడు.

"ఇక కానివ్వండి. ఆ కుడి పన్నేదో తొందరగా పీకెయ్యండి."

"లేవండి మాస్టారూ," అంది డాక్టరమ్మ, చిన్న స్టీలు గిన్నె ఆయన ముక్కు కిందికి తెచ్చి. అందులో పుచ్చిపోయిన పన్ను ఒకటి దొర్లుతోంది. "ఊడిపోవడానికే కూర్చుంది మహాతల్లి. దూది పెట్టకముందే తీసేశాను. ఇంతసేపూ మనం మాట్లాడుకున్నది ఆ శిల్పం గురించే."

ఇందులో నేను కల్పించింది ఆ పటకారు ఒక్కటే. ఆవిడ చేతిలో మెరిసింది, పరీక్ష పేపరు మీద మాస్టారి సంతకం కోసం మూత తీసి సిద్ధంగా పట్టుకున్న పెన్ను.