మగవారికి ప్రవేశం లేదు

“పేషెంటు ఎవరు?” కార్డు చేతిలోకి తీసుకుంటూ అడిగింది నర్సు.

“నేనేనండీ,” అంది భార్య.

భర్త ఆమె పక్కనే బెంచీ అంచున కూర్చుని గడ్డం నిమురుకుంటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. ఈ మగాడికి ఇక్కడేం పని అన్నట్టు ఒకావిడ ఎగాదిగా చూసింది. చూస్తే చూసింది! మూడు నెలలుగా ఆగని రక్తం ముందు ఆ చూపులు ఒక లెక్కా? ఇప్పటికే మూడు ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగారు. ఒక చోట వివరాలు కంప్యూటర్ తీసుకోవడం లేదన్నారు. ఇంకో చోట రేపు రమ్మన్నారు, రేపు వెళితే మళ్ళీ రేపన్నారు. మూడో చోట ఏకంగా గేటు బయటికే పంపారు. ఇక్కడా కాదంటే ఇంకెక్కడికి వెళ్ళాలో ఇద్దరికీ తెలియదు.

“నెలసరి చివరిసారి సరిగ్గా వచ్చిందెప్పుడు?”

భార్య తడబడింది. భర్త తేదీతో సహా చెప్పాడు.

“రక్తం గడ్డలుగా పడుతోందా?”

“పడుతోంది. పొద్దున్నపూట ఎక్కువ,” ఈసారీ భర్తే అన్నాడు.

“అబ్బో! మా ఆయనకి నా పుట్టినరోజే గుర్తుండదు,” నర్సు నవ్వింది. బెంచీ మీద ఆడవాళ్ళూ నవ్వారు. వీళ్ళిద్దరికీ మాత్రం నవ్వు రాలేదు.

“ఇంట్లో ఎవరికైనా గర్భసంచి క్యాన్సర్ ఉందా?”

“మా అమ్మకి,” అన్నాడు భర్త. “దాంతోనే పోయింది.”

“అత్తగారి జబ్బు కోడలికి రాదు బాబూ! నేనడిగేది ఈవిడ పుట్టింటి సంగతి.”

“మావాళ్ళలో ఎవరికీ లేదండీ,” భార్య తల దించుకుంది.

నర్సు ‘లేదు’ అని రాసేసింది. అది చూసి భర్త ముందుకు వంగాడు. కొట్టేయమని అడగబోయి, మళ్ళీ వెనక్కి జరిగాడు.

నర్సు ఆమెకు బీపీ చూసింది. కింది కంటిరెప్ప లాగి చూసింది. “నీకేమమ్మా, నిక్షేపంలా ఉన్నావు. మీ ఆయనే పాలిపోయాడు. అంత బెంగైతే ఎలాగయ్యా?”

లోపల గంట మోగింది. తలుపు మీద ‘మగవారికి ప్రవేశం లేదు’ అని బోర్డు. భర్త లేచాడు. కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు.

“మీరు బయటే ఉండాలి,” నర్సు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆయన లేకపోతే నేను రాను.” భార్య గట్టిగానే అని, భర్త చెయ్యి పట్టుకుంది.

“పోనీ, రానివ్వు పాపం,” లోపలినుంచి డాక్టరమ్మ గొంతు వినబడింది.

నర్సు ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళి, కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. భార్య తలుపు గడియ వేసింది.

“భయమెందుకమ్మా? మంచం ఎక్కు,” చేతులకు తొడుగులు వేసుకుంటూ అంది డాక్టరమ్మ.

“ముందు మమ్మల్ని వెళ్ళగొట్టనని మాటివ్వండి డాక్టరుగారూ.” భార్య రెండు చేతులూ జోడించింది.

“రోగం చూడడానికేగా నేను కూర్చున్నది? ఎందుకు వెళ్ళగొడతాను?”

“ఆడపిల్లగానే పుట్టానండీ,” అంటూ భర్త మంచం ఎక్కి పడుకున్నాడు.