చుక్కల మందు

నాలుగు వేట్లకే బుచ్చిరాములుకు రొప్పు వచ్చింది. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి మెడికల్ అన్‌ఫిట్ అయిన మనిషి. అయినా గొడ్డలి వదల్లేదు. పచ్చటి చెట్టును ఎందుకు కొడుతున్నావని మందమర్రి కాలనీ అంతా వచ్చి అడిగింది.

"నా బిడ్డ కండ్లు ఖరాబైతున్నయి. నేను పెట్టిన చెట్టే, నేనే కొడుతున్న," అన్నాడు.

వాకిట్లో నీడ ఉంటుందని ఆ కోనోకార్పస్ మొక్కను ఏడేళ్ల కిందట మురిసిపోతూ తెచ్చి నాటింది ఆయనే. ఇప్పుడు తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

కూతురు నవతకు కళ్ల దురద ఈ చలికాలంలోనే మొదలైంది. అదీ ఇంట్లో పండుగలాంటి సమయంలో. అన్‌ఫిట్ అయిన కార్మికుడి పిల్లల్లో ఒకరికి కంపెనీ ఇచ్చే వారసత్వ ఉద్యోగం కొడుకు శ్యాంసుందర్‌కు వచ్చింది. వాడు డ్యూటీలో చేరిన మర్నాడు పొద్దున చూస్తే పిల్ల కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగితే, దురద పెడుతున్నాయంది, ఈ సీజన్లో అందరికీ ఉండేదేనంది.

చెట్ల పుప్పొడి పడకపోతే వచ్చే ఎలర్జీ కావచ్చని మెడికల్ షాపు వెంకటి చుక్కల మందు ఇచ్చాడు. తగ్గలేదని బుచ్చిరాములు ఇంకో రకం తెచ్చాడు. తర్వాత మరో మూడు. ఏసుకుంటున్నవా అని రోజూ అడిగేవాడు. ఏసుకుంటున్న బాపూ అనేది నవత. తెల్లారితే మళ్లీ అదే ఎరుపు.

నోట్లో నాలుక లేని పిల్ల. మైనింగ్ డిప్లొమా చదివింది కూడా. రేపు పెళ్లయి పోయేదానివి, ఉద్యోగం తమ్ముడికి రాయిస్తానని తండ్రి అంటే, అభ్యంతరం లేదన్న కాగితం మీద మారుమాట లేకుండా సంతకం పెట్టింది. అలాంటి బంగారుతల్లికి తన వల్ల ఈ బాధేమిటని ఆయనకు అన్నం సయించడం లేదు.

చెట్టు కూలిన చప్పుడుకు నవత బయటికి వచ్చింది.

"గా చెట్టేం జేసింది బాపూ?"

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు బుచ్చిరాములు.

ఆమె చప్పున తలెత్తి తండ్రి ముఖంలోకి చూసింది. ఎన్నాళ్లకో అలా చూడడం.

"మొక్క తెచ్చి పెట్టింది నేనే గద," అన్నాడాయన.

నవత తల దించుకుని లోపలికి పోయింది.

వారమైనా ఎరుపు పోలేదు. ఇక మంచిర్యాల కంటి డాక్టరే దిక్కనుకున్నాడు. ఇప్పటిదాకా వాడిన మందులన్నీ వెంట తీసుకుపొమ్మని వెంకటి చెప్పాడు. నవత కిరాణా దుకాణానికి వెళ్లి ఉంది. బుచ్చిరాములు ఆమె బీరువా తెరిచి వెతికాడు. అడుగు అరలో, డిప్లొమా సర్టిఫికెట్లు పెట్టుకునే కవరు చేతికి బరువుగా తగిలింది.

అందులో తను తెచ్చిన అయిదు చుక్కల సీసాలూ ఉన్నాయి, ఒక్కదాని సీలు కూడా తెగలేదు.