ఊ కొట్టిన గొంతు

కరెంటు పోయింది. డ్యూటీ దిగొచ్చిన బస్సు డ్రైవరు పిల్లల మధ్య వాలి, కళ్లు మూసుకుని నక్క కథ మొదలుపెట్టాడు. ఊ కొడితేనే కథ ముందుకు సాగుతుందని ఆ ఇంట్లో ఒప్పందం. ఊ కొట్టేది ఆరేళ్ల కూతురే. మూడేళ్లు నిండినా చిన్నోడి నోట ఇంకా ఒక్క మాటా రాలేదు.

"నక్క వెళ్లి తలుపు కొట్టింది."

"ఊ."

"లోపల ఎవరూ పలకలేదు."

"ఊ."

గొంతు కాస్త బొంగురుగా ఉంది. పిల్లకి జలుబు చేసిందేమో అనుకున్నాడు.

పక్క గదిలోంచి భార్య అడిగింది. "ఎవరికండీ ఆ కథ? పాప ఇందాకే వచ్చి నా పక్కన నిద్రపోయింది."

అతను చెయ్యి చాచి తడిమాడు. కూతురి దిండు చల్లగా ఉంది. ఫ్యాన్ ఆగిన గదిలో తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

"ఊ?"

ఈసారి గోడ వైపు నుంచి, చిన్నోడు పడుకునే చోటు నుంచి వచ్చింది. కథ ఆపినందుకు విసుగు కూడా ఉంది అందులో.

"ఏమండీ, మాట్లాడరేం?"

కదిలితే ఆ గొంతు ఆగిపోతుందేమోనని అటు తిరగడానికీ ధైర్యం చాలలేదు.

"అప్పుడు లోపల్నుంచి ఒక చిన్న గొంతు పలికింది, నాన్నా," అన్నాడు. ఇంకో ఊ కోసం చెవులు రిక్కించాడు.