అవ్వ చెప్పిన ముఖం

"ముందు ముక్కు సంగతి చెప్పు అవ్వా," అన్నాడు కోట అధికారి.

బొమ్మల గదిలో ఎత్తుపీట మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది అవ్వ. ఊరి చివర సత్రం ఆవిడదే. ఆరేళ్ల కిందట కరువులో రాజుగారి ధాన్యపు కొట్టు తాళం తీసి, జనానికి గింజలు పంచి మాయమైన తాళాలవాడు మొన్న ఆ సత్రంలోనే మూడు రోజులు తలదాచుకున్నాడట. భటులు వెళ్లేసరికి గది ఖాళీ. ముఖం చూసిన మనిషి అవ్వ ఒక్కతే మిగిలింది. ఆవిడ చెబుతుంటే బొమ్మ గీయాలి. దాన్ని చెక్క మీద చెక్కి, వంద కాగితాలు అచ్చేసి, రేపటికల్లా ఊరి గోడలన్నిటికీ అంటించాలి. దొరికాడా, ఉరే.

గీయాల్సింది ఆ గదికి పెద్దయిన బొమ్మల గురువుగారి శిష్యురాలు, పందొమ్మిదేళ్ల పిల్ల. నాకెవరూ లేరని చెప్పి ఆ గదిలో పనికి చేరింది. ఆ తాళాలవాడు తన కన్నతండ్రి అన్న మాట ఇన్నేళ్లూ గోడలకి కూడా తెలియనివ్వలేదు. ఇప్పుడు ఆ బొగ్గుముక్క చేతిలో మణుగు బరువుంది.

అవ్వ కళ్లు చికిలించి పిల్ల ముఖంలోకి ఒక్క చూపు చూసి మొదలుపెట్టింది. చప్పిడి ముక్కు అంది. పిల్ల బొగ్గు ఆగిపోయింది. వాళ్ల నాన్నది కోటేరు లాంటి ముక్కు మరి. అవ్వ ఆగలేదు. చేటంత చెవులంది, ఎత్తుపళ్లంది, గడ్డం కింద రేగిపండంత పుట్టుమచ్చంది. ముసలావిడకి చూపు ఆనలేదు కాబోలు, బతికించావు తల్లీ అనుకుని పిల్ల చకచకా గీసుకుపోయింది. కొంప మునిగింది అక్కడే.

ఎదురుగా మనిషి లేకుండా ముఖం గీస్తే చెయ్యి తన ముఖాన్నే గీసేస్తుందని గురువుగారు మొదటిరోజే చెప్పారు. అవ్వ కనుబొమ్మల ఊసెత్తలేదు. చెయ్యి ఊరుకుంటుందా? రెండూ మధ్యలో కలిసిపోయి, ఎడమ కొసన చిన్న సుడి తిరిగిన కనుబొమ్మలు గీసి పెట్టింది. అవి తనవి. తనకి నాన్న ఇచ్చినవి.

"వీటినెక్కడో చూశానే," అన్నాడు అధికారి. బొమ్మ వంక చూశాడు. తర్వాత మెల్లగా పిల్ల వంక చూశాడు.

పిల్ల చటుక్కున తల దించి, జుట్టు నుదుటి మీదకి లాక్కుంది.

అవ్వ పీట దిగొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "బాగుంది సంబడం. వాడి ముఖం గీయవే అంటే నీ ముఖం గీసుకు కూర్చున్నావా? ముచ్చట తర్వాత తీర్చుకుందువుగాని, ముందు తుడిచెయ్యి. వాడికసలు కనుబొమ్మలు ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి."

గురువుగారు పకపకా నవ్వి, కొత్త చేతులన్నిటికీ ఇదే తెగులని సర్దిచెప్పారు. అధికారి కూడా నవ్వాడు. పిల్ల గుడ్డతో తుడిచి పలచగా గీసింది.

అవ్వ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. "అచ్చం వాడే," అని కొంగుతో కళ్లొత్తుకుంది. బొగ్గు నుసి పడిందంది. పైగా అలాంటిదే తనకొకటి కావాలని పట్టుబట్టింది. నీకెందుకని అధికారి అడిగితే, మళ్లీ వస్తే పోల్చుకోవద్దా అంది. అదీ నిజమేనని, ఇంకోటి గీసి ఇమ్మని పిల్లకి చెప్పి, ఆయన గురువుగారిని వెంటబెట్టుకుని చెక్క చెక్కించడానికి వెళ్లిపోయాడు.

పిల్ల రెండో బొమ్మ గీసి, చుట్టి, అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని గుండెకి హత్తుకుని, పిల్ల కనుబొమ్మల మీద వేలితో ఒకసారి నిమిరింది.

"మా ఆయన పోయి ఇరవై ఏళ్లు తల్లీ, చూసుకోడానికి ఒక్క బొమ్మయినా లేకపోయింది. ఇహ ఇంటికెళ్లి, మా గాదెలో కూర్చున్న మీ నాన్నకి నువ్వు క్షేమంగా ఉన్నావని చెబుతాను."